నది ఒప్పుకున్న రోజే ప్రయాణం

భద్రాచలం వైపు నుంచి పాపికొండల బోటు విహారానికి వెళ్లేవారు చేయవలసినవి, చేయకూడనివి

మా భద్రాచలంలో జూలై, ఆగస్టు నెలలొస్తే ఎదురుపడిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే: "ఎన్ని అడుగులుంది?" అడిగేది గోదావరి గురించి అని విడిగా చెప్పక్కర్లేదు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరిది. పాలుపోసే ఆయన దగ్గర్నుంచి గుడిమెట్ల పక్కన పూలమ్మే అమ్మ దాకా అందరికీ ఈ అంకెలు నోటికొచ్చు.

నవంబరు వచ్చాక బస్టాండులో వినపడే ప్రశ్న మారుతుంది. "పాపికొండలకు బోటు ఎన్నింటికండీ?" దర్శనానికి వచ్చినవాళ్లు బోటు టైము అడుగుతారు, టికెట్టు ధర అడుగుతారు, భోజనంలో ఏం పెడతారో కూడా అడుగుతారు. నది ఇవాళ ఎలా ఉందని అడిగేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. పాపిడి తీసినట్టుండే ఆ కొండల నడుమ ఒక పగలు గడపడం ఎంత హాయో నాకు తెలుసు. అందరూ ఒక్కసారైనా వెళ్లి రావాలనే కోరుకుంటాను. వెళ్లి, రావాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఊరు, రేవు, దూరం

చాలామంది ఖమ్మం నుంచో హైదరాబాద్ నుంచో బయల్దేరి, భద్రాచలంలో గుడి వెనకే బోటు ఎక్కేయొచ్చనుకుంటారు. అలా కాదు. రైల్లో వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది, భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలానికి ఇంకో 40 కిలోమీటర్లు. భద్రాచలం నుంచి బోటెక్కే పోచవరం రేవుకు కూనవరం మీదుగా దాదాపు 75 కిలోమీటర్ల అడవి దారి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి కాబట్టి భద్రాచలం పట్టణం తెలంగాణలో, పొలిమేర దాటగానే వచ్చే ఎటపాక ఆంధ్రలో ఉన్నాయి. పోచవరం కూడా ఆంధ్రలోనే. టికెట్టు ఒక రాష్ట్రంలో కొని, బోటు ఇంకో రాష్ట్రంలో ఎక్కుతారు. ఏదైనా జరిగితే ఏ పోలీస్ స్టేషన్, ఏ ఆసుపత్రి అన్నది అప్పటికప్పుడు వెతుక్కునే విషయం కాదు. చింతూరు, భద్రాచలం ఏరియా ఆసుపత్రులు రెండూ గుర్తుంచుకోండి. 108, 112 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేసే నంబర్లే. కానీ కొండల నడుమ చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ అందదు.

అందుకని ఇంటి దగ్గరే చేయవలసిన పని ఒకటుంది. ఎవరెవరు వెళ్తున్నారో పేర్లు, వయసులు, ఏ రేవు, ఏ బోటు, తిరిగి ఒడ్డెక్కే వేళ ఒక కాగితం మీద రాసి, రానివాళ్లలో ఒకరికి ఇవ్వండి. చంటిపిల్లల పేర్లు కూడా రాయండి. రేవులో బోటువాళ్లు రాసుకునే జాబితాలోనూ పిల్లల పేర్లు చెప్పి రాయించండి. అరటికెట్టు పిల్లవాడు, టికెట్టే లేని పసిబిడ్డ జాబితాలోంచి జారిపోతారు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు, అందులో ఎందరున్నారన్న లెక్కే మొదటి రోజుల్లో తేలలేదు. ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన కుటుంబాలకు అది మరో నరకం.

ఆ ఆదివారం నేర్పినది

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర్నుంచి బయల్దేరిన రాయల్ వశిష్ఠ పున్నమి బోటు పాపికొండల దిక్కుగా ఎదురెక్కుతూ కచ్చులూరు మలుపులో ఒరిగి మునిగింది. 26 మంది బతికి బయటపడ్డారు. 51 మందిని నది తీసుకుపోయింది. వరంగల్ పక్కనున్న కడిపికొండ అనే ఒక్క ఊరి నుంచే 14 మంది ఆ బోటెక్కారు. బోటు రెండు వందల అడుగులకు పైగా లోతులోకి వెళ్లిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం నానా తంటాలు పడి అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది.

ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే 43 అడుగుల దగ్గర నది మోసుకొచ్చేది 9 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. అంటే బోటు మునిగిన రోజు ప్రవాహం మొదటి హెచ్చరికకు చాలా దిగువన ఉన్నట్టే. అంతకు వారం ముందు పెద్ద వరదే వచ్చింది. అది తగ్గుతోంది. చూసేవాళ్లకు నది శాంతించినట్టే అనిపించింది.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ఆ 43, 48, 53 అడుగులు ఊళ్లను ఖాళీ చేయించడానికి పెట్టిన గుర్తులు. కరకట్ట వెనక ఇల్లు మునుగుతుందా, లోతట్టు కాలనీకి నీళ్లొస్తాయా అని చెప్పే గుర్తులవి. బోటు తిరగొచ్చా లేదా అని చెప్పడానికి వాటిని పెట్టలేదు. "ఇంకా మొదటి హెచ్చరిక కూడా రాలేదు కదండీ" అని ఎవరైనా మీకు ధైర్యం చెబితే ఆ ధైర్యాన్ని తీసుకోకండి. భద్రాచలం వంతెన దగ్గర కిలోమీటరుకు మించిన వెడల్పులో పరుచుకుని నడిచే నీరంతా పాపికొండల దగ్గరకు వచ్చేసరికి రెండు కొండల మధ్య ఇరుకులోకి దూరాలి. వెడల్పు తగ్గితే నీరు ఏం చేస్తుంది? లోతుకు పోతుంది, వడి పెంచుతుంది, మలుపు దగ్గర రాతిని కొట్టి వెనక్కి తిరిగి సుడి కడుతుంది. భద్రాచలం స్నానఘట్టం మెట్ల మీద నిలబడి చూసే గోదావరి వేరు, గండిలో గోదావరి వేరు.

దీనికి తోడు శబరి ఉంది. ఒడిశా కొండల్లోంచి సీలేరు నీళ్లను కూడా కలుపుకుని వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. భద్రాచలంలో అడుగులు కొలిచే చోటు ఆ సంగమానికి ఎగువన ఉంది, మీరు బోటెక్కే పోచవరం దిగువన ఉంది. ఎగువ ఒడిశాలో వాన పడి శబరి పొంగితే భద్రాచలం అంకె దాన్ని సరిగ్గా చూపించదు. కాబట్టి "భద్రాచలంలో ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "కూనవరంలో శబరి ఎలా ఉంది?" అని కూడా అడగండి. దారిలో శబరి వంతెన దాటతారు. బండి పక్కన ఆపించి ఒక్క నిమిషం కిందికి చూడండి. నీరు ఎర్రగా, చెత్తా కొమ్మలూ మోసుకుంటూ వస్తుంటే ఎగువన ఎక్కడో వరద కదిలిందని అర్థం.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. వరద నీరు తీసి, నది తేటపడి ఉంటుంది. ఎండ నెత్తిన కొట్టదు. కాకపోతే ఈ నెలల్లో పొద్దున్నే పొగమంచు దిగుతుంది. ఒకసారి డిసెంబరులో మా మేనత్త కుటుంబంతో వెళ్లినప్పుడు బోటు గంటన్నర ఆలస్యంగా కదిలింది. ఎదురు ఒడ్డు కనిపించే దాకా కదలనని సరంగు భీష్మించుకు కూర్చున్నాడు. ప్రయాణికుల్లో సగంమంది అతని మీద విరుచుకుపడ్డారు. డబ్బులు వెనక్కిమ్మన్నారు. మా మేనత్త మాత్రం తన డబ్బాలోంచి చెగోడీలు తీసి అతని చేతిలో పెట్టి, "నువ్వు చూసుకునే కదలరా అబ్బాయి" అంది. ఆగుతానన్న సరంగు మీద ఒత్తిడి తేకండి. ఆలస్యమైతే భోజనం వేళ తప్పుతుంది, అంతే కదా.

మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడు దాటకుండా తిరిగి రేవు చేరేలా చూసుకోవాలి. ఎండాకాలపు సాయంత్రం గాలివాన చెప్పి రాదు. 2018 మే 15 సాయంత్రం మంటూరు సమీపంలో ఒక లాంచీ అలాంటి గాలివానలో చిక్కి మునిగింది. అది విహారపు బోటు కాదు, సంతకో ఊరికో వెళ్లి ఇంటికి తిరిగొస్తున్న గిరిజనులది. తడవకుండా ఉండాలని తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. లాంచీ ఒరిగాక ఆ మూసిన తలుపులే వాళ్లను లోపల బంధించేశాయి.

జూన్ నుంచి అక్టోబరు దాకా పాపికొండల మాట తలపెట్టకండి. ఈ కాలంలో అధికారులే బోట్లు ఆపేస్తారు. వరద కాస్త తగ్గిందని మధ్యలో ఎవరైనా "ప్రత్యేకంగా తీసుకెళ్తాం" అంటే, ఆ మాట విన్నచోటే ఆగిపోండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పుష్కర స్నానానికి వచ్చి పనిలో పనిగా బోటు విహారం కూడా పెట్టుకుందామనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. వేసవి పోయి కొత్తనీరు దిగే రోజులవి. స్నానం చేసి వెళ్లండి, బోటు శీతాకాలానికి వాయిదా వేసుకోండి.

రేవులో కళ్లు తెరిచి చూడవలసినవి

2019 దుర్ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటింగు జరిగే తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది. పోచవరం, పేరంటపల్లి వాటిలో ఉన్నాయి. బోటు అనుమతి, ప్రయాణికుల లెక్క, లైఫ్ జాకెట్లు, సరంగు తాగి ఉన్నాడా లేదా అన్నవి చూడటం వీటి పని. అంతటితో మన పని అయిపోదు. బోటెక్కే ముందు మీ కళ్లతో ఈ కొన్ని చూసుకోండి.

బోటు మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఆ సంఖ్య రాసి ఉండాలి. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యాంత్రిక బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, అర్హత ఉన్న సిబ్బంది తప్పనిసరి. అడిగితే చూపించాలి. అడగడానికి మొహమాటపడకండి. టికెట్టు కొన్న మీరు కాకపోతే ఇంకెవరు అడుగుతారు? మనుషులను లెక్కపెట్టండి. రాసిన సంఖ్య కంటే ఒక్కరు ఎక్కువైనా ఎక్కకండి.

లైఫ్ జాకెట్ విషయంలో కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇక్కడ నేనూ ఒకసారి తప్పు చేశాను. నా చేతికిచ్చిన జాకెట్టుకు బకిల్ విరిగి ఉంది. "ముడి వేసుకోండి, ఏం కాదు" అన్నాడు కళాసీ. పక్కవాళ్లు చూస్తున్నారని ముడి వేసుకుని కూర్చున్నాను. ప్రయాణమంతా ఆ ముడి రెండుసార్లు ఊడింది. ఆ రోజు నది నెమ్మదిగా ఉంది కాబట్టి ఇవాళ రాస్తున్నాను. మీరు అలా చేయకండి. జాకెట్టు తొడుక్కుని, పట్టీలన్నీ బిగించి, పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు. నీళ్లలో కూడా అలాగే తలమీదుగా జారిపోతుంది. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్టు పనికిరాదు. పిల్లల సైజు జాకెట్టు లేదంటే ఆ బోటు పిల్లలతో వెళ్లే బోటు కాదు. రంగు వెలిసి, లోపలి స్పాంజి ముద్దలై, నొక్కితే నీరు కారే జాకెట్టు మీ ఒంటిమీద బరువు తప్ప ఇంకేమీ కాదు.

వేసుకున్న జాకెట్టును తిరిగి రేవులో కాలు పెట్టే దాకా విప్పకండి. ఉక్కపోస్తుంది, నిజమే. ఫొటోలో బాగుండదు, అదీ నిజమే. భోజనం వడ్డించేటప్పుడు, పాటలు మొదలైనప్పుడు, కొండలు దగ్గరపడి అందరూ ఫోన్లు తీసినప్పుడు జాకెట్లు ఒక్కొక్కటిగా కుర్చీల మీదికి చేరతాయి. గండి ఇరుకయ్యేదీ, సుడులు ఉండేదీ సరిగ్గా ఆ సమయానికే. కచ్చులూరు నుంచి బయటపడినవాళ్లలో చాలామంది జాకెట్టు ఒంటిమీదున్నవాళ్లే.

ఈత వచ్చని ధీమా పడే కుర్రాళ్లకు ఒక మాట. చెరువులో, బావిలో నేర్చిన ఈత నిలకడ నీటిది. ఇక్కడ నీరు కదులుతూ, తిరుగుతూ, కిందికి లాగుతూ ఉంటుంది. గోదావరి ఒడ్డునే పుట్టి, నాటు పడవ మీదే పెరిగిన కొండరెడ్ల పిల్లలు కూడా ఈ సుడులను తప్పించుకునే పోతారు, దర్జా కోసం దూకరు.

బోటు మీద

రెండంతస్తుల బోటయితే పై అంతస్తు మీదే అందరి కన్నూ. గాలి బాగుంటుంది, కొండలు కనిపిస్తాయి. కానీ పైన మనుషులు ఎక్కువై, కింద తక్కువైతే బోటుకు తలబరువు అవుతుంది. తలబరువు బోటు చిన్న కుదుపుకే పక్కకు ఒరుగుతుంది. అందుకని సిబ్బంది కిందికి దిగమంటే దిగండి. పైన అందరూ కలిసి గంతులేసే డాన్సులు పెట్టకండి, పెట్టించకండి. ముసలివాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబాలు కింద అంతస్తులో, తెరిచి ఉన్న కిటికీకో మెట్లకో దగ్గరగా కూర్చోవాలి. ఎక్కగానే రెండు దారులు చూసుకోండి. ఒకటి మూసుకుపోతే రెండోది ఎక్కడుందో పిల్లలకు చూపించండి.

అందరూ ఒకే పక్కకు పరుగెత్తకండి. పేరంటపల్లి కనిపించిందని, నెమలి ఎగిరిందని, ఎదురు బోటులో ఎవరో చెయ్యి ఊపారని బోటులో సగంమంది ఒక్కసారిగా కుడివైపు కమ్మీ దగ్గరకు చేరడం నేను ఎన్నోసార్లు చూశాను. మలుపు తిరుగుతున్నప్పుడు ఇది మరీ ప్రమాదం. చూడాలనుకున్నది కాసేపట్లో మీ పక్కకే వస్తుంది.

కమ్మీ మీద కూర్చుని ఫొటోలు, ముందు మొనమీద నిలబడి చేతులు చాచడం, పసిబిడ్డను కమ్మీ బయటికి ఎత్తి చూపించడం, ఇవేవీ వద్దు. మద్యం తేకండి, తాగి ఎక్కకండి. తాగి ఎక్కినవాళ్లను ఎక్కించుకోవద్దని సిబ్బందికి గట్టిగా చెప్పండి. మీ మాట వెంట ఇంకో నలుగురు నిలబడతారు.

నిప్పు విషయం చాలామందికి తట్టదు. నీళ్ల మీదున్నాం కదా, మంటేం చేస్తుంది అనుకుంటారు. 2018 మే 11న, అంటే మంటూరు ప్రమాదానికి నాలుగు రోజుల ముందే, దేవీపట్నం సమీపంలో ఒక పర్యాటక బోటు మంటల్లో చిక్కుకుంది. ఒడ్డుకు చేర్చగలిగారు కాబట్టి అందరూ బతికారు. బోటులో గ్యాస్ మీద వంట జరుగుతుంటే ఆ చుట్టుపక్కల పిల్లలను తిరగనివ్వకండి. సిగరెట్టు వద్దు. మంటలార్పే ఎర్ర సిలిండరు ఎక్కడుందో ఎక్కగానే చూసుకోండి.

గాలివాన పట్టుకుంటే తలుపులు, కిటికీలు, పరదాలు మూయకండి. తడవండి. తడిసిన బట్టలు ఆరతాయి.

ఇసుక మీద, అడవిలో

దారిలో పేరంటపల్లి శివాలయం దగ్గర, కొల్లూరు వైపు వెదురు గుడిసెల దగ్గర బోట్లు ఆగుతాయి. దిగేటప్పుడు తాడు గట్టిగా కట్టి, పలక సర్దాకే అడుగు వేయండి. ఒండ్రు పట్టిన రాయి సబ్బులా జారుతుంది. ముసలివాళ్ల చెయ్యి పట్టుకోండి.

ఇసుకతిన్నె చూడగానే కాళ్లు ఆగవు. స్నానం చేయాలనిపిస్తుంది. ఇక్కడ తెలియనివాళ్లు మోసపోయేది ఎలాగంటే, మోకాలి లోతు దాకా మెత్తగా పరుచుకున్న ఇసుక, ఆ తర్వాత ఒక్క అడుగుకే నిలువులోతు. నీరు పక్కనుంచి కోసుకుపోయిన చోట ఇసుక అంచు కూడా కాలికింద కూలిపోతుంది. నిన్నటి వరకు నిలబడిన చోటే ఇవాళ గుంట ఉండొచ్చు. స్నానం చేయాలంటే ఆ ఊరివాళ్లు చేసే చోటే, పొద్దున పూట, ఒడ్డున ఒకరిని కాపలా ఉంచి చేయండి. రాత్రి గుడిసెల్లో బస చేసేవాళ్లు చీకట్లో నీళ్ల దగ్గరకు వెళ్లకండి. ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు, దోమతెర తీసుకెళ్లండి. చెప్పులు దులపకుండా తొడగకండి.

ఈ కొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానం. ప్లాస్టిక్ వదలకండి, వెదురు నరకకండి, బొంగు చికెన్ మంటలను ఆర్పకుండా కదలకండి. ఎండిన ఆకులున్న మార్చి నెలలో ఒక్క నిప్పురవ్వ చాలు, కొండవాలంతా అంటుకుంటుంది. ఊళ్లోకి వెళ్లినప్పుడు కొండరెడ్లు, కోయల ఇళ్లలోకి తొంగిచూడటం, అడగకుండా ఫొటోలు తీయడం, పిల్లల మీదికి బిస్కట్ ప్యాకెట్లు విసరడం మర్యాద కాదు. "అమ్మా, ఒక ఫొటో తీసుకోమంటారా?" అని అడిగితే చాలు. వెదురు వస్తువు నచ్చితే చెప్పిన ధరకే కొనండి.

ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. కచ్చులూరులో మునిగినవాళ్లను మొదట చేరుకున్నది ప్రభుత్వ బోట్లు కాదు, చుట్టుపక్కల గూడేల గిరిజనులు తమ నాటు పడవల మీద. వాళ్లు లేకపోతే బతికినవాళ్లు 26 మంది అన్న అంకె ఇంకా చిన్నదయ్యేది. ఇప్పుడు పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలో అనేక ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒకప్పుడు అరిస్తే పలికే ఒడ్డు చాలాచోట్ల మూగబోయింది. ఆ నాటు పడవలు లేని ఒడ్డు వెంట మనం వెళ్తున్నాం. దాన్ని మనసులో పెట్టుకుని జాగ్రత్తలు ఇంకాస్త పెంచుకోవాలి.

నీళ్లలో పడితే

పడినవాళ్లు ఒడ్డుకు సూటిగా, ప్రవాహానికి ఎదురుగా ఈదాలని చూడకూడదు. ఐదు నిమిషాల్లో చేతులు పడిపోతాయి. జాకెట్టు మిమ్మల్ని తేల్చుతుంది, దాన్ని నమ్మండి. వెల్లకిలా తిరిగి, కాళ్లు నీరు పారే దిక్కుకు పెట్టి, తల పైకెత్తి తేలండి. రాయి వస్తే కాళ్లకు తగులుతుంది, తలకు కాదు. నీటి వడితో పాటే సాగుతూ ఏటవాలుగా ఒడ్డు దిక్కుకు జరగండి. కుర్చీ, డబ్బా, పలక, తేలేది ఏది దొరికినా పట్టుకోండి. నాటు పడవ వచ్చినప్పుడు అందరూ ఒకే పక్క అంచు పట్టుకుని లాగితే అది కూడా తిరగబడుతుంది. మొన దగ్గర లేదా వెనక కొస దగ్గర పట్టుకుని, పడవవాడు చెప్పినట్టు చేయండి.

బోటులో ఉన్నవాళ్లు పడినవాళ్ల కోసం వెంటనే దూకకూడదు. మునుగుతున్న మనిషి భయంలో చేతికందినవాళ్లను నొక్కేస్తాడు. తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాను, చీర, లుంగీ, ఏదో ఒకటి విసరండి. ఒకరు వేలు చూపిస్తూ పడిన చోటు మీద నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. ఇది చాలా ముఖ్యం. కన్ను తిప్పితే ఆ ఎర్రనీటిలో తల మళ్లీ దొరకదు.

ఒడ్డుకు చేర్చిన మనిషిని తలకిందులుగా పట్టుకుని తిప్పడం, కడుపు మీద కూర్చుని నొక్కడం మన ఊళ్లలో తరతరాలుగా చూస్తున్నాం. అది పనికిరాదు, హాని చేస్తుంది. కడుపులో నీరు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి ఉందో లేదో చూడండి. లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి గాలి ఊదండి. నీళ్లలో మునిగినవాళ్లకు మొదట కావలసింది గాలే. తర్వాత ఛాతీ నడిమధ్య రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు గాలి ఊది, మళ్లీ 30. సాయం అందేదాకా, ఊపిరి వచ్చేదాకా ఆపకండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిబట్టలు తీసి వెచ్చగా కప్పండి. లేచి కూర్చుని "బాగానే ఉన్నాను" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొన్ని గంటల తర్వాత ఊపిరి కష్టమయ్యే ప్రమాదం ఉంటుంది.

వెనక్కి తిరగడం గురించి

ఇన్ని చెప్పాక కూడా అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. తెల్లవారుజామున లేచి, పిల్లలను లేపి, పులిహోర కట్టుకుని, 75 కిలోమీటర్లు వచ్చి, రేవులో నిలబడ్డాక "వద్దులే, ఈసారికి వెనక్కి వెళ్దాం" అనడం. డబ్బు పోతుంది. పిల్లలు ఏడుస్తారు. బావమరిది "ఇంత పిరికివాడివా" అంటాడు. అయినా "వద్దులే" అనగలిగే మనిషి ఒకరు మీ బృందంలో ఉండాలి. ఆ మనిషి ఎవరో ఇంటి దగ్గరే తేల్చుకుని, వాళ్లు వద్దంటే ఎదురు చెప్పకూడదని అందరూ ఒప్పుకోండి. మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. రెండుసార్లు వెనక్కి తిప్పింది. అలా తిరిగినప్పుడు రోజు వృథా పోదు. పర్ణశాల చూడొచ్చు. దుమ్ముగూడెం వెళ్తే, గోదావరి మీద ఎగువ దాకా స్టీమర్లు నడపాలని 1860లలో తెల్లదొరలు కట్టిన ఆనకట్ట, లాకులు కనిపిస్తాయి. ఆ పథకాన్ని 1871లో వాళ్లే మధ్యలో వదిలేశారు. పిల్లలకు చూపించి ఆ కథ చెప్పండి.

అంతా బాగుండి వెళ్లినవాళ్లు ఒడ్డెక్కగానే తలలు లెక్కపెట్టండి. చీకటి పడకముందే అడవి దారి దాటేలా బయల్దేరండి, డ్రైవరుకు కునుకు పట్టనివ్వకండి. కూనవరం చేరాక ఫోన్‌కు సిగ్నల్ వస్తుంది. పొద్దున జాబితా ఇచ్చిన మనిషికి అక్కడి నుంచే ఫోన్ చేసి, పేరు పేరునా అందరం ఒడ్డెక్కామని చెప్పండి.